వీపు రాయని కార్డు

సోమవారం పొద్దున కరెంటు స్తంభం మీద నుంచి నన్ను తాడు కట్టి దించారు. కుడిచెయ్యి భుజం ఎత్తు దాటి పైకి వెళ్ళలేదు. వెళ్ళమన్న కొద్దీ లోపల ఏదో తలుపు మూసుకున్నట్టు ఆగిపోయింది. కింద నిలబడ్డ తోటి లైన్‌మన్లు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఆ మధ్యాహ్నమే ఫిజియోథెరపిస్టు వాగ్దేవి గారు నా చొక్కా విప్పించి, నా ముందు కాకుండా వెనక నిలబడి చాలాసేపు చూసి, "ప్రేమ్‌రాజ్ గారూ, ఈ కసరత్తులు మీకు ఎవరు ఎంచి ఇచ్చారు?" అని అడిగారు.

ఇంకో పది రోజుల్లో మా గల్లీ పోచమ్మ బోనాలు. అంతకుముందే, వచ్చే ఆదివారం గుడి ముందు పెద్దలకూ జనానికీ నేను కొరడా తిప్పి చూపించాలి. డప్పు దరువు మొదలై ఆగేదాకా కొరడా తల మీద తిరుగుతూనే ఉండాలి. చెయ్యి దిగకూడదు. నాలుగు తరాలుగా అమ్మవారి ముందు కొరడాతో ఆడే పోతరాజుగా నిలబడే హక్కు మా ఇంటిదే. బాపు గుండెకు స్టెంట్లు వేశాక మూడేళ్ళు వేరే బస్తీ మనిషిని తెచ్చి నిలబెట్టారు. ఈసారి కూడా మా ఇంటి మనిషి నిలబడకపోతే హక్కు పోతుందని గుడి పెద్దలు తేల్చి చెప్పారు. "నా కొడుకు నిలవడతడు" అని బాపు నలుగురిలో చెప్పాడు. అప్పుడు నన్ను చూసిన ఆయన చూపుతోనే ఏడు నెలలు బతికాను.

వాగ్దేవి గారి ప్రశ్నకు సమాధానం నా జేబులోనే ఉంది. చెమటకు మెత్తబడి, మడతల దగ్గర చిరుగుతున్న అట్టముక్క. రెండు రోజులు దాన్ని బయటికి తీయలేదు. తీస్తే చదవాలి, చదివితే తెలిసిపోతుంది. తెలియకుండా ఉండగలిగే రెండు రోజులు నాకు కావాలనిపించింది. బుధవారం పొద్దున డ్యూటీకి సెలవు చెప్పి నగేష్ అన్న జిమ్‌కు బయల్దేరాను.

మా జిమ్ శాలిబండ రోడ్డు దిగాక లక్క గాజుల కార్ఖానా పక్క సందులో ఉంటుంది. మా బాపు కాలంలో అది కుస్తీ నేర్పే తాలీం. మట్టి గోదా, గోడకు ఆనించిన చెక్క గదలు, మూలన దీపం. ఇప్పుడు గోదా మీద బండలు పరిచి, బండల మీద నల్ల రబ్బరు పరిచారు. ఒక గోడ నిండా అద్దం. తాలీం పోయింది గాని తాలీం పద్ధతి ఒకటి పోలేదు. కొత్తగా చేరినవాడికి ఉస్తాద్, అంటే నేర్పే గురువు, కార్డు రాసి ఇస్తాడు. ఏ కండకు ఏ కసరత్తు, ఎన్నిసార్లు, ఏ రోజు, అంతా ఉస్తాదే ఎంచుతాడు. షాగిర్దు, అంటే శిష్యుడు, దాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్ళకు అద్దుకోవాలి. అందులో ఒక గీత మార్చకూడదు. ఎందుకని అడగకూడదు. వేరే జిమ్‌లలో కుర్రాళ్ళు ఫోన్‌లో చూసి ఎవరికి తోచింది వాళ్ళు ఎంచుకుంటారు. మా దగ్గర అలా చేస్తే ఉస్తాద్ ముఖం మీద తలుపు వేసినట్టే.

నా కార్డు మీద ఆరు గడులు. ఛాతి, భుజం, చేతులు, పొట్ట, కాళ్ళు, వీపు. ఛాతి గడిలో చోటు చాలక అంచు మీద కూడా రాశాడు. ఫ్లాట్ బెంచి, వాలు బెంచి, డంబెల్ ఫ్లై, డిప్స్, కేబుల్, చివర్లో నేల మీద దండ్‌లు వంద. వారానికి నాలుగు రోజులు. భుజం గడిలో, మెడ వెనక నుంచి రాడ్ లేపాలని. వీపు గడిలో ఏమీ లేదు.

ఆ ఖాళీని రోజూ చూశాను. అక్షరం లేని చోట కన్ను ఆగదంటే ఒక రోజు నమ్మొచ్చు. ఏడు నెలలు ఆగలేదంటే అది కంటి తప్పు కాదు. నా ఛాతి పెరుగుతోంది. ముప్పై ఏళ్ళు బాపు పక్కన నడుస్తూ, ఆయన వెడల్పు ముందు నన్ను నేను ముడుచుకుని తిరిగినవాణ్ణి. అద్దంలో రోజుకింత మరొకడు కనబడుతున్నాడు. కావాలనుకున్నది కళ్ళ ముందు పెరుగుతుంటే కనబడనిదాని గురించి అడగబుద్ధి కాదు. వీపు ఎలాగూ అద్దంలో కనబడదు.

పది దాటింది. పొద్దున వచ్చేవాళ్ళు వెళ్ళిపోయారు. నగేష్ అన్న ఒక్కడే కింద కూర్చుని, చిరిగిన బెంచి సీటును గోనెసంచులు కుట్టే సూదితో కుడుతున్నాడు. నలభై దాటిన మనిషి. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలైందో చెప్పలేం. నన్ను చూసి సూది ఆపాడు.

"ఏంది తమ్మీ, గీ టైముకు ఒచ్చినవ్? డ్యూటీ లేదా?"

"చెయ్యి లేస్తలేదన్నా."

"జర నూనె పెట్టి మర్దన చెయ్యి. రెండు దినాలు రెస్టు తీస్కో. ఏం ఫికర్ లేదు."

"ఎంత దాక లేస్తుందో అడగవా?"

అడగలేదు. నేను గోడ పక్కన నిలబడి కుడిచెయ్యి లేపాను. భుజం దగ్గర ఆగింది. ఇంకా లేపితే ఒళ్ళంతా పక్కకు వంగింది గాని చెయ్యి కదల్లేదు. అతను గోడ మీద నా వేళ్ళు ఆగిన చోటును చూశాడు. చూసి, సూదిలో దారం సర్దుకున్నాడు.

అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. కొత్తగా చూసినవాడు కనీసం కనుబొమలు ముడుస్తాడు. ఇతను ఎప్పుడో పంపిన ఉత్తరం చేరిందన్న కబురు విన్నట్టు చూశాడు. నాకు దొరికిన మొదటి సాక్ష్యం అదే.

కార్డు తీసి సీటు మీద, సూది పక్కన పెట్టాను.

"గీ గడిల ఏమున్నదన్నా?"

"ఏం లేదు."

"ఎందుకు లేదు?"

"ఉస్తాద్‌ను ఎందుకని అడుగుతరా?"

"ఏడు నెలలు అడగలె. ఇయ్యాల అడుగుతున్న."

అతను నవ్వే ప్రయత్నం చేశాడు. "ఏమయ్యా, ఛాతి గావాలంటివి, ఛాతి ఇచ్చిన. నువ్వు బనీను మీద పాల ప్యాకెట్‌కు పోతే గల్లీల ఆడోళ్ళంత బాల్కనీలల్లకు ఒస్తున్నరంట. ఇంకేం గావాలె నీకు?"

"కొరడా తిప్పుడు గావాలె."

నవ్వు ఆగిపోయింది.

గోడకు మేకులు కొట్టి అందరి కార్డులూ అక్కడే తగిలిస్తారు. నాది ఒక్కటే నేను జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి. బాపు అలా ఉంచుకొమ్మన్నాడు. పవిత్రంగా ఉంటుందన్నాడు. ఇంతకుముందు ఎవరి కార్డూ చదవలేదు. చదవడం అనుమానించడం కదా. ఇప్పుడు శ్రవణ్ కార్డు వెతికి తీశాను. శ్రవణ్ మా చిన్నబాపు కొడుకు. నాతో పాటు అదే వారం చేరాడు. వాడి ఛాతి గడిలో మూడు కసరత్తులు, వీపు గడిలో నాలుగు. వీపు పక్కన నగేష్ అన్న అక్షరాలతోనే, "ముందు లాగుడు, తర్వాత తోసుడు" అని ఉంది.

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కోపంలో కొంచెం ఊరట కూడా ఉంది. శ్రవణ్ అయితే బాగుండు. శ్రవణ్‌ను అసహ్యించుకోవడం సులువు.

"గిదా సంగతి. నేను పడిపోతే వాడు నిలవడతడు. వాడు చెప్పిండా నీకు?"

"ఎవడు, శ్రవణ్‌గాడా?" నగేష్ అన్న నిజంగానే నవ్వాడు. "వానికి గంత దిమాగ్ ఏడున్నది తమ్మీ? మొన్న డంబెల్ కాలు మీద ఏసుకొని, డంబెల్‌ను నిలవెట్టి తిట్టిండు. పాపం, దానికి ఏం జవాబియ్యాల్నో తెల్వలె."

"మరి నా కార్డు నువ్వెందుకు గిట్ల రాసినవ్?"

"రాసింది నా చెయ్యే. ఎంచింది నేను గాదు."

కార్ఖానాలో ఎవరో గాజుల సంచి కుమ్మరించిన చప్పుడు. నగేష్ అన్న గడియారం చూశాడు. పదీ ఇరవై.

"నువ్వు ఇంటికి పో. నేను మాట ఇచ్చిన, నా నోటికెల్లి ఒద్దు."

"ఎవరికిచ్చినవ్?"

"ఉస్తాద్‌కు."

నీకు ఉస్తాద్ ఎవరని అడగబోయి ఆగిపోయాను. గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పన్నెండేళ్ళప్పుడు ఇతన్ని ఈ మట్టిలో దింపి, పట్టు నేర్పి, పెద్దయ్యాక ఈ చోటు ఇతని చేతికి అప్పగించిన మనిషి ఒకడే. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి, స్టెంట్లు వేశాక ఉద్యోగం మానేసిన భిక్షపతి. నన్ను కన్నవాడు.

నేను కార్డు మీద ఖాళీ గడిని వేలితో చూపిస్తూ నిలబడ్డాను. బహుశా నేను అరిచుంటే అతను నోరు మూసుకునేవాడు. ఆ వేలిని భరించలేకపోయాడు. లేచి, టేబుల్ సొరుగు లాగి, ఒక కార్డు తెచ్చి నా కార్డు పక్కన పెట్టాడు. కొత్త అట్ట. చెమట మరక లేదు, ఎవరో జాగ్రత్తగా తుడిచి వాడుతున్నారు. పైన పేరు భిక్షపతి, వయసు యాభై తొమ్మిది. ఆరు గడులూ నిండి ఉన్నాయి. వీపు గడి అన్నిటికంటే ఎక్కువ నిండి ఉంది.

"నీ బాపు కార్డు నేను ఎంచిన," అన్నాడు. "నీ కార్డు నీ బాపు ఎంచిండు."

"ఏమన్నడు?"

"వదిలెయ్ తమ్మీ."

"ఏమన్నడో గట్లనే చెప్పు. ఒక్క మాట సుత మార్చకు."

అతను కింద కూర్చున్నాడు. కూర్చుని, గోదా ఉన్న రోజుల్లో కూర్చున్నట్టు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "'నగేషా, పోరనికి ఛాతి మంచిగ రానీయ్. చూసినోడు నా కొడుకు అనాలె. ఎనక మాత్రం ముట్టకు. ముంగట పెంచి ఎనక వదిలేస్తే ఏమైతదో నీకెరుకే' అన్నడు. ఎరుకే గద. పాత పైల్వాన్లు దండ్‌లే దండ్‌లు కొట్టి, ముసలితనంల అంగీ ఏసుకునేందుకు చెయ్యి లేవక పెండ్లాలను పిలిచేటోళ్ళు. మెడ ఎనకకెల్లి రాడ్ లేపుడు సుత ఆయనే చెప్పిండు. మూడో నెలల కలపమన్నడు."

"నువ్వు ఎందుకని అడగలె."

"ఉస్తాద్‌ను ఎట్ల అడుగుత?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అతను ఏడు నెలలు అడగలేదు, నేనూ ఏడు నెలలు అడగలేదు. ఇద్దరం కార్డును కళ్ళకు అద్దుకున్నవాళ్ళమే.

మోసపోయినవాడు ముందుకు నడవలేడు. గడిచిన రోజులన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. నేను ఆ బెంచి అంచున కూర్చుని అదే పని మొదలుపెట్టాను. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే బాపు నన్ను పీట మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని నువ్వుల నూనెతో ఛాతి రాసేవాడు. చిన్నప్పుడు కూడా ఆయన నన్ను అంతగా ముట్టుకోలేదు. అమ్మ కుట్టుమిషన్ టేపుతో కొలిచి, "ముప్పై ఎనిమిది... నలభై" అని పక్కింటికి వినబడేలా చెప్పేవాడు. తర్వాత బొటనవేలితో భుజం కీలు దగ్గర నొక్కి, "ఈడ గుంజుతుందా?" అని అడిగేవాడు.

"జర గుంజుతది బాపు."

"మంచిదే."

కండ పెరుగుతున్న గుంజుడని నేననుకున్నాను. ఆ "మంచిదే" కోసం నేను ఇంకో ఇరవై దండ్‌లు ఎక్కువ కొట్టేవాణ్ణి. ఆయన మాత్రం పని ఎంతవరకు వచ్చిందో చూసుకుంటున్నాడు. వేలు మాత్రం అదే వేలు. నూనె అదే నూనె. ఆ స్పర్శలో ప్రేమ లేదని ఇప్పటికీ నేను చెప్పలేను. ఉంటే ఇంకా ఘోరం.

"ఆదివారం ఏం చేద్దామనుకున్నడు?" అని అడిగాను.

"నీ చెయ్యి దిగంగనే జనంలకెల్లి లేచి, కొరడా అందుకుంటడంట. దరువు ఆగకముందే."

అదే నేననుకున్నదీ. విన్నాక కూడా వినలేదనిపించింది.

పదకొండు కొట్టక ముందే బాపు వచ్చాడు. భుజం మీద టవలు, చేతిలో నీళ్ళ సీసా. రోజూ ఈ వేళకు ఆయన పత్తర్‌గట్టిలో దోస్తు బట్టల దుకాణం దగ్గర కూర్చుంటాడని ఇంట్లో మా నమ్మకం. వెళ్ళేటప్పుడు అమ్మ "చాయ్‌లు ఎక్కువ తాగకు" అంటుంది. ఆయన "సరే రాజమణీ" అంటాడు. ఆ మాటలోనైనా అబద్ధం లేదు, ఇక్కడ చాయ్ దొరకదు.

నన్ను చూశాడు. సీటు మీద రెండు కార్డులనూ చూశాడు. నగేష్ అన్న వైపు చూడలేదు. చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"పత్తర్‌గట్టి గిటు జరిగిందా బాపు?"

"వెటకారం జేస్తున్నవా?"

"లేదు. అడుగుతున్న. ఇక్కడ అడగొద్దు గద, మర్చిపోయిన."

చొక్కా తీసి మేకుకు తగిలించాడు. ఇంట్లో ఆయన ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కాలో ఎందుకుంటున్నాడో అప్పుడు తెలిసింది. ఛాతి మీద వెంట్రుకలు పూర్తిగా నెరిశాయి. వాటి కింద ఉన్న ఒళ్ళు మాత్రం ముసలివాడిది కాదు. భుజాలు వెనక్కి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు నిలబడ్డాయి. నావి ముందుకు వంగి ఉన్నాయి. అద్దంలో ఇద్దరం పక్కపక్కన పడ్డాం. నాకు కోపం వస్తుందనుకున్నాను. ముందు సిగ్గు వచ్చింది.

"డాక్టర్ ఏమన్నడు నీకు? పది కిలోల బియ్యం సంచి సుత లేపొద్దన్నడు."

"అన్నడు. ఆయన మాట ఇన్న రెండేండ్లు మంచంల పండుకొని ఫ్యాన్ రెక్కలు లెక్కవెట్టిన. మూడే ఉన్నయ్. ఎన్నిసార్లు లెక్కవెట్టినా మూడే."

నగేష్ అన్న నవ్వబోయి దగ్గాడు.

"నా చెయ్యి ఎందుకు బాపు?"

ఆయన నా దగ్గరికి వచ్చి నా కుడి భుజం మీద చెయ్యి వేశాడు. బొటనవేలు తన చోటు తానే వెతుక్కుంది. నేను వెనక్కి జరిగాను. ఆ వేలు గాలిలో కాసేపు అలాగే ఉంది.

"పోలేదు బిడ్డా. మూసుకున్నది గంతే. ఆర్నెల్లు ఎనక కసరత్ చేస్తే మల్ల తెరుసుకుంటది. నేను గదంత సోంచాయించే ఎంచిన. నిన్ను పాడుచేస్తనారా? ఒక్క యేడుకు సరిపడనే చేసిన."

మనిషి తన కొడుకును ఎంత కొలతగా దెబ్బతీయగలడో నేను అప్పుడు విన్నాను. కొలిచి వేశానని చెప్పడం ఆయనకు ఊరట. అలా కొలిచి వేయడమే నాకు దెబ్బ.

"ఒక్క యేడు గావాలంటే నన్ను అడుగకపోయినవా? నేనే ఇస్తుంటి గద."

"గదే." గొంతు మొదటిసారి పెరిగింది. "నువ్విస్తే నేను తీసుకోవాలె గద. 'పాపం ముసలోడు ఆశపడ్డడు, కొడుకు ఇడిసిపెట్టిండు' అంటరు. గది నాకొద్దు. నువ్వు ఎత్తలేకపోతే నేను ఎత్తిన్నంటే అది ఏరే. గా ఒక్క దినం నేను లేకుంటే నడ్వదని అందరికి తెల్వాలె. ఒక్క దినం. తర్వాత సచ్చేదాక నీదే."

"అందరి ముందు నేను పడాలె."

"పడితే ఏమాయె? చిన్నోనివి. నీకు లేచేందుకు మస్తు టైమున్నది."

ఆయన కళ్ళలో నీళ్ళు లేవు, తప్పు చేసినవాడి తడబాటు లేదు. ఒక ఆకలి మాత్రం ఉంది. అది నాకు తెలిసిన ఆకలే. ఏడు నెలలు ఈ అద్దం ముందు నిలబడి నేను తిన్నది అదే. ఆయన నాకు అర్థమయ్యాడు. అర్థం కాకపోయి ఉంటే ఎంత బాగుండేదో. అర్థమయ్యాక అరవడానికి చోటుండదు. కోపం గొంతులోకి రాక ఒంట్లోనే ఏదో మూల దాక్కుంటుంది.

"ఆదివారం నేను గుడికాడికి రాను," అన్నాను. "పెద్దలకు ఇయ్యాలే చెప్త. అమ్మకు సుత చెప్త, నువ్వు ఏడ ఉంటున్నవో."

బాపు సీసా కింద పెట్టాడు. పక్కనున్న బరువుల బెంచి దగ్గరికి నడిచాడు.

"చెప్పు. చెప్పే ముంగట ఒక్కపాలి చూసి చెప్పు. నేను ఎత్తగల్గుతనో లేదో నీ కండ్లతోని చూడు. నగేషా, డెబ్బై కిలోలు పెట్టు."

"ఉస్తాద్, యాభైకే ఆపుదాం ఇయ్యాల. మనసు మంచిగ లేనప్పుడు ఒద్దు."

"మనసుతోని ఎత్తుతనా? డెబ్బై."

ఉస్తాద్ చెప్పాక అతను కాదనడు. ఇనుప బిళ్ళలు ఒక్కొక్కటే రాడ్‌కు ఎక్కించాడు. బాపు వెల్లకిలా పడుకుని పాదాలు నేలకు ఆనించాడు. నగేష్ అన్న అలవాటుగా ఆయన తలవైపు వెళ్ళి నిలబడ్డాడు. బెంచి మీద బరువు ఎత్తేవాడి తల దగ్గర ఒకడు నిలబడి తీరాలి. చేతులు చచ్చుపడితే రాడ్‌ను అందుకునేది వాడే. తాలీంలో దీనికి ఎవరిని పడితే వాళ్ళను పిలవరు.

"నువ్వు జరుగు," అన్నాడు బాపు. "పోయి షట్టర్ కాడ నిలవడు. ఎవడన్న ఒస్తే లోపలికి పంపకు. తలకాడ నా కొడుకు నిలవడతడు."

"ఉస్తాద్..."

"పో."

నగేష్ అన్న నా పక్క నుంచి వెళ్తూ రాడ్ వైపు ఒకసారి తిరిగి చూశాడు. అతని చెప్పుల చప్పుడు సందు వైపు పోయింది.

నేను తలవైపు నిలబడ్డాను. ఆయన ఎందుకు నన్ను పిలిచాడో నాకు ఇప్పటికీ తెలియదు. క్షమించమనడం ఆయనకు చేతకాదు, తన గుండెను తెచ్చి నా చేతుల కింద పెట్టడమే ఆయన భాషేమో. లేక నేను ఏమీ చేయనని అంత ధీమానా? ఇంత చేశాక కూడా నా నుంచి ఆయనకు భయపడాల్సిందేమీ లేదని? ఆ రెండో ఆలోచన రాగానే నోరు చేదెక్కింది.

పై నుంచి చూస్తే ఆయన ముఖం తలకిందులుగా ఉంది. తలకిందులైన ముఖంలో మనకు తెలిసిన మనిషి ఉండడు. గడ్డం పైన, నుదురు కింద, మధ్యలో రెండు కళ్ళు. ఎవరివైనా కావచ్చు.

రాడ్ ఎత్తాడు. ఛాతిదాకా దించి, లేపాడు. ఒకటి. శ్వాస చక్కగా ఉంది. రెండు. మూడు. నాకంటే బాగా ఎత్తుతున్నాడు. నాలుగోది కూడా వణకకుండా లేచింది. ఆపేస్తాడనుకున్నాను.

"చూసినవా?" అన్నాడు, ఊపిరి మధ్యలో.

ఐదోది దించాడు. రాడ్ ఛాతిని తాకింది. అక్కడే ఉంది. ఒక అంగుళం లేచి మళ్ళీ కూర్చుంది. ఎడమచెయ్యి ముందు వణికింది. మెడ నరాలు బయటికి వచ్చాయి, ముఖం రంగు మారింది. ఇనుము నెరిసిన వెంట్రుకల్లోకి దిగబడింది.

"పట్టు," అన్నాడు.

దానికి చెయ్యి భుజం దాకా లేవనక్కరలేదు. నడుము ఎత్తు చాలు. నా రెండు చేతులూ రాడ్ మీదికి వెళ్ళాయి. వేళ్ళు చుట్టుకున్నాయి. ఇనుము మీద ఆయన చెమట వెచ్చగా తగిలింది. కుడిచేతిలో నొప్పి లేదు, తలుపేదీ మూసుకోలేదు. లాగడం ఒక్కటే మిగిలింది.

"పట్టు బిడ్డా... పట్టురా..."

పట్టుకునే ఉన్నాను. లాగలేదు.

తలకిందులుగా ఉన్న ఆ రెండు కళ్ళూ పైకి తిరిగి నా ముఖాన్ని వెతికాయి. అక్కడ ఆయనకు ఏం కనబడిందో తెలియదు. బాపు అడగడం ఆపేశాడు.